చెరో చెవిలో పాఠం

మొన్న మా మనవరాలు ఫోనులో పాఠం వింటూ, తన చెవిలోంచి తెల్ల గింజలాంటిదొకటి తీసి, "నానమ్మా, గిది పెట్టుకో, సారు మంచిగ చెప్తుండు" అని నా చెవిలో పెట్టింది. తీగ ఎక్కడుందోనని చెంప తడుముకున్న నన్ను చూసి నవ్వింది గాని, నాకు మాత్రం మా యారాలు గుర్తొచ్చింది.

యారాలంటే మా మరిది భార్య. నారాయణఖేడ్‌లో మా రెండిళ్లకూ కలిపి ఒక్కటే బట్టల దుకాణం. వారానికోసారి మూటలు కట్టుకుని ఇద్దరం షేర్ ఆటోలో మనూర్ అంగడికి పోయేవాళ్లం. ఇద్దరమూ తొమ్మిదితో బడి మానినవాళ్లమే. కరోనా కాలంలో మనవల చదువు కోసం కొన్న ఫోను, బడులు తెరిచాక మా చేతికొచ్చింది. కలిసి ఓపెన్ పదో తరగతి రాద్దామని ఒట్టు పెట్టుకున్నాం. ఇయర్‌ఫోన్లు బేరమాడి ఒక్క జతే కొన్నాను, చెవులు నాలుగైనా వినేది ఒక్క సారునే కదా అని. ఎడమది ఆమెకు, కుడిది నాకు. ఆటోలో, అంగట్లో, పప్పు ఉడికే పొయ్యి దగ్గర, కూర్చున్న చోటే మా బడి. గిరాకీ రాగానే సారును వేలితో ఆపేసేదాన్ని. నా జన్మలో నా మాట విన్న మగమనిషి ఆయనొక్కడే. "ఏందక్కా, యారాండ్లిద్దర్ని ఒక్క తాడుకే కట్టేసిండ్రా?" అని పక్కన జొన్నలమ్మే ఆమె ఎక్కిరించేది.

పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టే దుకాణమతను తన కూలి కాస్త ఎక్కువే చెప్పాడు. మొదట చెప్పిన ధర ఇవ్వడం మా పుట్టింటి రక్తంలోనే లేదు. షట్టరు దించే వేళకు ఎవరైనా దిగొస్తారు, ఆఖరి రోజు దాకా ఆగుదామన్నాను. యారాలు సరేనంది. ఆ ఆఖరి రోజు, మా బట్టల దుకాణం తాను చూసుకుంటానని నన్నొక్కదాన్నే పంపింది. పొద్దుగూకే వేళకు వెళ్లి అతణ్ణి సగానికి దించి, గెలిచాననుకుంటుండగా అతను కంప్యూటరు చూసి, "ఇగ కాదక్కా, ఐదింటికే సైటు బందైంది. నీ యారాలు పది రోజుల కిందనే కట్టిపాయె, నీకు చెప్పలే?" అన్నాడు.

ఆ పది రోజులూ ఆమె నా పక్కనే, అదే తీగకు అవతలి కొసన కూర్చుని లెక్కలు విన్నది. ఫీజు మాట ఎత్తినప్పుడల్లా తలూపింది.

ఎందుకు చెప్పలేదే అని అడిగితే, మడత పెడుతున్న చీర మీంచి చూపు తిప్పకుండా, "చెప్తే నన్ను గూడ ఆపుతుంటివక్కా" అంది. ఆమె పాసైంది, మార్కుల మెమోకు అద్దం కట్టించి గోడకు తగిలించింది. మరుసటేడు నువ్వూ రాయొచ్చని అందరూ చెప్పారు గాని, రెండు చెవుల్లోనూ పెట్టుకుని ఒంటరిగా విన్న పాఠం ఒక్కటీ నా తలకెక్కలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరి ఫోను వారిది, ఎవరి సారు వారికే. మొన్న కూడా మనవరాలు మధ్యలో లేచి నీళ్లకు వెళ్లింది. నా చెవిలో సారు చెబుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లో పక్క మనిషి లేస్తే తీగ నా చెవిని గుంజేది, అంతకంటే పూచీ ఏం కావాలనుకునేదాన్ని. ఆమె నాకు చెప్పకుండా లేచి ఫీజు కట్టొచ్చిన రోజున మాత్రం అది గుంజలేదు.