నలభై ఒక్క పశువైద్యాలు

నేనొకసారి ఒక్క మందు పేరైనా తెలియకుండా ఒక గుర్రానికి వైద్యం చేశాను. ఆ వైద్యం ఫలించింది. అందువల్ల సర్వనాశనమయ్యాను. ఇందులో గుర్రం తప్పేమీ లేదు. తప్పంతా హైదరాబాదు కాలేజీలో ఏడాదిన్నర చదివి వచ్చిన ఒక మేధావిది. ఆ మేధావిని నేనే.

పోలీసు చర్యకు ముందటి వానకాలం. కాలేజీలు వదిలి రమ్మని పెద్దలు పిలుపునిచ్చారు. పెద్దలు చెప్పిన మాటల్లో నేను వెంటనే విన్నది అదొక్కటే. రామన్నపేటకూ చిట్యాలకూ మధ్యనున్న మా ఊరికి వచ్చేసి, ఇంటి ముందరి అర్రలో పఠన మందిరం పెట్టాను. మందిరం అన్నానని ఎక్కువగా ఊహించుకోకండి. ఒక చాప, ఒక చెక్క బీరువా, నలభై ఒక్క పుస్తకాలు. ఎవరు ఏదిస్తే అది తెచ్చాను కాబట్టి వంటల పుస్తకం, పెండ్లిపాటలు, మనిషిని ఏడిపించి గాని వదలని నవలలు, లెక్కల వాచకం, పశువైద్యం, అన్నీ ఒకే అరలో భుజాలు రాసుకుంటూ ఉండేవి. వాటి నడుమ సర్కారుకు గిట్టనివి ఆరు. వెట్టి గురించీ భూమి గురించీ రాసినవి. ఆ ఆరూ దొరికితే నాకు జైలు, మా నాన్నకు, అంటే బాపుకు, చావడి ముందు కొరడా. సర్కారు ఈ విషయంలో ఎవరికీ లోటు చేసేది కాదు.

చుట్టుపక్కల ఊళ్లలో పోలీసుల తలాషీలు, ఇల్లిల్లూ సోదాలు, మొదలయ్యాయి. నా దోస్తు సత్తయ్య మగ్గం నేస్తాడు, నాకంటే తెలివైనవాడు. కాలేజీకి పోలేదు మరి.

"నర్సిమ్మా, గా ఆరింటిని బొంద తవ్వి పెడుదాంరా," అన్నాడు.

"అందరు గదే చేస్తున్నరు. పోలీసోళ్లు ముందుగాల తవ్వేది గూడ గదే. ఎదురుంగ పెట్టాలె, కనపడొద్దు. గది తెలివంటే."

తెలివి ఇదీ. పుస్తకాలన్నిటికీ అట్టలు పీకేసి, మట్టిరంగు మోటు కాగితం అంటించి, అన్నిటిమీదా ఒకే పేరు రాయడం. ఏ పేరు? ఏ సర్కారుకూ కోపం తెప్పించని పేరు. అప్పుడు చేతిలో ఉన్న పుస్తకాన్ని చూశాను. పశువైద్యం.

సత్తయ్య నూలుకు పెట్టే గంజి కుండెడు తెచ్చాడు గాని, అంటిస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు.

"అన్నిటికి ఒకటే పేరు ఎందుకురా? తీరొక్క పేరు పెట్టరాదు?"

"తీరొక్క పేరుంటే తీరొక్కటి తెరుస్తరు. ఒకటే పేరు పదిసార్లు సదివితే ఎవనికైన నిద్రొస్తది."

"మరి మనకు కావాల్సింది ఎట్ల దొరుకుతది?"

"నాకు యాదికుంటది," అన్నాను.

పాఠకులారా, ఈ చివరి మాటను కాస్త గట్టిగా పట్టుకోండి. నేను పట్టుకోలేకపోయాను.

నాలుగో రోజు పొద్దున్నే అమీన్ సాబ్ దిగాడు. అమీన్ అంటే అప్పట్లో మా ప్రాంతపు పోలీసు ఠాణాకు పెద్ద. తెలుగు మాట్లాడేవాడు, చదవడం రాదు. వెంట ఇద్దరు జవాన్లు. ఆయన కింద ఒక తెల్ల గుర్రం, పేరు షబ్నం. జవాన్లలో ఒకడికి తెలుగు అక్షరాలు వచ్చు. వచ్చు అంటే, ఒక్కొక్కటే నడుచుకుంటూ వచ్చేవి.

"ప... శు... వై... ద్యం," అని చదివాడు మొదటిది. రెండోదీ అదే చదివాడు. అయిదోదానికి ఆవులించాడు. పదోదానికి చదవడం మానేసి తలూపడం మొదలుపెట్టాడు. నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించేంతగా ఉబ్బింది.

"ఏమయ్యా, అన్ని ఒకటే కితాబా?" అన్నాడు అమీన్.

"ఒకటే, సాబ్."

"గిన్ని ఎందుకు?"

"ఊర్ల పశువులు జాస్తి ఉన్నయి, సాబ్."

ఆయన ఈ జవాబును రెండు క్షణాలు నమిలి మింగాడు. లేచాడు. బయటపడ్డానని అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో షబ్నం కూలబడింది.

జవాన్లు తలాషీలో ఉండగా అది మా దొడ్డిలో తడిసిన లేత గడ్డిమీద తన తలాషీ తాను చేసి, కడుపారా మేసింది. పొట్ట డోలులా ఉబ్బింది. కాళ్లు తన్నుకుంటోంది. అంతవరకూ ఊరినంతా గడగడలాడించిన అమీన్ సాబ్ బురదలో కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"షబ్నం, బేటీ, లే, జర లే," అంటుంటే ఆయన గడ్డం తడిసింది. వాన పడటం లేదు. ఉన్నట్టుండి తలెత్తి నావైపు చూశాడు. "ఏయ్! నలభై కితాబులు పెట్టుకున్నవు గదా, ఏం చూస్తున్నవు? ఇలాజ్ చెయ్!"

"నేనా, సాబ్?"

"మరి నీ బాపా? కితాబు తే! నా ముందట చదువు! షబ్నంకు ఏమన్న అయ్యిందంటే, చూడు..."

ఏం చూడాలో చెప్పలేదు. ఆయన తుపాకీ చెప్పింది.

బీరువా ముందు నిలబడ్డాను. అసలైన పశువైద్యం అక్కడే ఉంది. నలభై మంది కవలల మధ్యన. దేవుణ్ణి తలచుకుని ఒకటి లాగి తెరిచాను. వెట్టి చేయించుకునేవారి గురించి మొదటి వాక్యమే నిప్పులు కక్కుతోంది. తేలు కుట్టినట్టు మూసేశాను.

"ఏమైంది?"

"ఇది ఎడ్ల భాగం, సాబ్."

రెండోది పెండ్లిపాటలు. "ఇది దూడలది, సాబ్." మూడోది తెరిస్తే ఒక యువతి కిటికీ దగ్గర నిలబడి ధారాపాతంగా ఏడుస్తోంది. "ఇది కండ్ల జబ్బులది, సాబ్."

"గుర్రాలది ఏదిరా?" అని అమీన్ అరిచాడు. నాలుగోది తెరిచాను. వంటల పుస్తకం. ఇక మూసే ధైర్యం లేకపోయింది. కళ్లు పడిన చోటినుంచి చదవడం మొదలుపెట్టాను.

"వాము, సొంఠి, ఇంగువ, జీలకర్ర, ఉప్పు మెత్తగా నూరి, పుల్లటి మజ్జిగలో కలుపవలెను."

అమీన్ ముఖం వెలిగింది. "శాబాష్! ఇంకా?"

"నేతిలో ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు పెట్టవలెను. ఇది పదిమందికి సరిపోవును." నోరు జారింది. పేజీలో ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

"పదిమందికా?"

"పది మేకలకు, సాబ్. గుర్రానికైతే ఒక్కదానికే."

బాపు చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు. పొయ్యి దగ్గరికి వెంట వెళ్లాను.

"కొడుకా, నా ఉమర్ల ఎడ్లకు మందు పోసిన, బర్లకు పోసిన. గుర్రానికి పోపు పెట్టుడు గిదే మొదలు."

"బాపు, జర మెల్లగ మాట్లాడు."

"కరివేపాకు గూడ ఎయ్యాల్నా?"

అమీన్ వాకిట్లోంచే కేకేశాడు. "కితాబుల ఉన్నదా లేదా? ఉంటె వెయ్యి!"

వేశాం. కుండెడు మజ్జిగ పులుసును వెదురు గొట్టంతో షబ్నం గొంతులో పోశాం. అరగంట గడిచింది. ఆ అరగంటలో నేను జైలు గోడలు, వాటి ఎత్తు, లోపలి భోజనం, అన్నీ మనసులోనే చూసి వచ్చాను. అంతలో షబ్నం తోక ఎత్తింది.

ఆ చప్పుడును వర్ణించడానికి నా చదువు చాలదు. ఊరు ఆ రోజుల్లో తుపాకులకు అలవాటు పడి ఉంది కనుక నలుగురు గోడచాటుకు దూకారు. రెండోసారికి ఒక జవాను కూడా దూకాడు. మూడోసారికి షబ్నం లేచి నిలబడి, ఒళ్లు విదిలించి, మిగిలిన పులుసు కోసం కుండలో మూతి పెట్టింది.

అమీన్ నన్ను కౌగిలించుకున్నాడు. "డాక్టర్ సాబ్!" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఒకటే కితాబు నలభై నీకెందుకు? తొవ్వల మీది పోలీసు నాకాలకు అన్నిటికి ఒక్కొక్కటి పంపిస్త. సర్కారు గుర్రాలు, బండ్ల ఎడ్లు, అన్ని బాగైతయి."

"సాబ్, వద్దు సాబ్, అవి..."

అవి ఏమిటి? ఒకటే పుస్తకం కాదని చెప్పనా? నేను చెప్పగలిగిన నిజాలన్నీ జైలు వైపే నడుస్తున్నాయి. జవాన్లు బండి కట్టి నలభై పుస్తకాలూ ఎక్కించారు. నా సేవకు గుర్తుగా ఒకటి వదిలేశారు. బండి మలుపు తిరిగాక తెరిచి చూశాను. అసలైన పశువైద్యం. ఆత్రంగా గుర్రాల పేజీ తీశాను. కడుపుబ్బరానికి ఇలా ఉంది: అనుభవజ్ఞుడైన వైద్యుని పిలువవలెను.

ఇక నా పరిస్థితి ఆలోచించండి. ఆరు నిషిద్ధ గ్రంథాలు ఏ నాకాలో ఏ జవాను చేతిలో తెరుచుకుంటాయో తెలియదు. గుర్రం డెక్క చప్పుడైతే చాలు, పోయి సత్తయ్య మగ్గం గుంటలో కూర్చునేవాణ్ణి. ఓ మధ్యాహ్నం గుంటలో ఉండగానే పైనుంచి ఖాకీ కాళ్లు కనిపించాయి.

"డాక్టర్ సాబ్ గీడ ఉన్నడా?"

సత్తయ్య ఏమాత్రం మొహమాటపడకుండా గుంటలోకి వేలు చూపించాడు. స్నేహమంటే అదీ.

పైకి వచ్చాను. జవాను చేతిలో మట్టిరంగు అట్ట పుస్తకం. చెమటతో, చేతుల మురికితో నల్లబడి ఉంది. మొదటి పేజీ తెరిచాడు. నిప్పులు కక్కే వాక్యం. చేతులు ముందుకు చాపాను, బేడీలు వేయమని.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గీ కితాబు మా నాకల అందరం సదివినం. పశువుల ముచ్చటైతే ఏడ రాలె. గని వెట్టి చేసేటోళ్ల ముచ్చట ఉన్నది సూడు, అది మా నాయిన ముచ్చటే."

"అమీన్ సాబ్ సూసిండా?" అన్నాను, చాపిన చేతులు తీయకుండానే.

"ఆయినకు తెలుగు సదువరాదు గద. సదివి ఇనిపియ్యమన్నడు. దవా ఏడున్నదిరా అని ఒకటే అడుగుడు. ఏం జెప్పాలె? రెండో భాగంల ఉన్నదని జెప్పినం."

"అయితే?"

"అయితే ఏంది, గా రెండో భాగం తెమ్మని తోలిండు. వారం దినాలల్ల కావాల్నట."

ఆ వారం తిరగకముందే పోలీసు చర్య పేరుతో యూనియన్ ఫౌజు వచ్చింది. దాని రాకవల్ల మా ప్రాంతానికి ఏం మేలు జరిగింది, ఏం కీడు జరిగింది అని చాలామంది చాలా రాశారు. నన్ను గ్రంథకర్త కాకుండా ఆపిందన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఇందుమూలంగా సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకానికీ దానిది కాని పేరు పెట్టను, ఏ గుర్రానికీ తాలింపు పెట్టను. పెట్టక తప్పకపోతే, కరివేపాకు మాత్రం ముట్టుకోను.