వైఖరి కొలవడానికి వచ్చిన పెద్దమనిషి

వార్డులో ఆమెను అందరూ దగ్గుల టీచరమ్మ అనేవారు. చదివింది ఫిజియోథెరపీ. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టి, దొప్పలా ముడిచిన అరచేతులతో వీపు తట్టి, ఛాతీకి దిండు అదిమి దగ్గించడం ఆమె పని. ఆ దగ్గు ఎక్కడికి పోతుంది? ఆమె మొహం మీదికే.

మహమ్మారి ముంచుకొచ్చినప్పుడు సూపరింటెండెంటు ఏసీ గదిలో కూర్చుని రక్షణ కిట్లు ఎవరికివ్వాలో తేల్చేశాడు. డాక్టర్లకు, నర్సులకు ఇచ్చాడు. ఫిజియోలను వ్యాయామం చేయించేవాళ్ల కింద జమకట్టాడు. "చేతులెత్తండి, దించండి అని గుమ్మంలోంచి చెబితే చాలదా?" అన్నాడట. తన ఆసుపత్రిలో ఎవరేం చేస్తారో ఆ మహానుభావుడికి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు.

టీచరమ్మ రెయిన్‌కోటు తొడుక్కుని వార్డులోకి వెళ్లేది. రోగి బరువు భుజాన పడగానే అది చంకల్లో పర్రున చిరిగేది. ఇంట్లో కిడ్నీ మార్పిడి చేయించుకున్న అక్క ఉంది. చిన్న జలుబు కూడా ఆ మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే టీచరమ్మ మకాం మేడమీది రేకుల గదికి మారింది. అక్క కిందినుంచే కేకేసేది.

"ఒసేయ్, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ నోరు మూతపడేదాకా నేనెక్కడికీ పోనక్కా!"

అలాంటి రోజుల్లో ఒక పరిశోధకుడు దిగాడు. రక్షణ దుస్తులు ధరించడం పట్ల ఫిజియోల వైఖరిని కొలుస్తాడట. ఉన్నదాన్ని తొడుక్కోవాలా వద్దా అన్న వైఖరి ఉంటుంది గానీ, లేనిదాని మీద వైఖరేమిటో! వార్డు గుమ్మం తొక్కకుండా నడవాలో కుర్చీ వేయించుకున్నాడు. ఒంటిమీద మాత్రం తలనుంచి పాదాల దాకా కొత్త కిట్టు. సూపరింటెండెంటు దగ్గరుండి ఇప్పించాడు.

"కిట్ వేసుకుంటే మీకు ధైర్యం పెరుగుతుందా మేడం? బాగా పెరుగుతుంది, కొంచెం పెరుగుతుంది, చెప్పలేను..."

"వేసుకుంటే కదా సార్ తెలిసేది."

"అంటే, చెప్పలేను అని రాసుకోనా?"

అంతలో నర్సు తలుపులోంచి అరిచింది. "అక్కా, కిటికీ దగ్గరి మంచంమీది దర్జీకి కఫం అడ్డుపడింది, ఊపిరాడట్లేదు!"

టీచరమ్మ రెయిన్‌కోటు పొద్దున్నే నడుము దాకా చీలిపోయింది. లోపల దర్జీ, ఇంట్లో అక్క. టీచరమ్మ పరిశోధకుడి వైపు తిరిగింది.

"విప్పండి సార్."

"ఏంటి?"

"ఆ కిట్టు. నడవాలో కూర్చోడానికి అదెందుకు మీకు?"

సూపరింటెండెంటు పరుగున వచ్చాడు. "మతి పోయిందా? ఆయన అతిథి!"

"అయితే అతిథిగారినే లోపలికి పంపండి. వీపు తట్టి దగ్గిస్తారు. ఎలాగూ తయారై ఉన్నారుగా!"

ఆ మాట చెవిన పడిందో లేదో, పరిశోధకుడు జిప్పు తనే లాగేసుకున్నాడు. పొద్దుటినుంచి ఆ మనిషి చురుగ్గా చేసిన పని అదొక్కటే.

టీచరమ్మ తొడుక్కుని లోపలికి నడిచింది. దర్జీని లేపి తన ఒంటికి ఆనించుకుంది. వీపు తట్టింది. "కడుపులోంచి దగ్గన్నా, సిగ్గుపడకు." కఫం ఎగిరొచ్చి మొహం ముందున్న కిట్టు అద్దం మీద పడింది. "మళ్లీ!" నల్లబడ్డ పెదాలు మెల్లగా రంగు తిరిగాయి.

బయట పరిశోధకుడు చొక్కాతో గోడకు అతుక్కుపోయాడు. "సార్, నాకింకో కిట్టు ఇప్పించండి, ఇక్కడ ఇలా ఎలా నిలబడను?" అని బతిమాలుతున్నాడు. ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పే వంతుకోసం నడవాలో ఆగిన ఫిజియోలందరూ విన్నారు. వాళ్లలో ఒకాయన నేలమీద చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

"మా వైఖరి ఇదీ సార్. రాసుకోండి."

సాయంత్రానికి కిట్లున్న స్టోరు గది తాళం ఊడింది.