పీకో మిషన్ వెళ్లిపోయాక

డాక్టర్ గారు రోజూ నలభై అయిదు నిమిషాలు నడవమన్నారు. నేను ఇరవైకి బేరం పెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మా, నడిచేది నా కోసం కాదు, మీ కోసం" అన్నారు. "అందుకే అంటున్న సార్, జర చూసి చెప్పండి" అన్నాను. చివరికి ముప్పైకి కుదిరింది. నారాయణగూడలో ఆ క్లినిక్ మెట్లు దిగుతుంటే ఏదో గెలిచినట్టే ఉంది. ఫ్లైఓవర్ కిందికి వచ్చాక గానీ తట్టలేదు, నేను తగ్గించుకున్నది నా సరుకేనని.

మాది చిక్కడపల్లిలో మ్యాచింగ్ సెంటర్. చీరలకు జాకెట్ గుడ్డలు, లంగా గుడ్డలు, ఫాల్స్ అమ్ముతాం. నాన్న పెట్టిన దుకాణం. ఒక పక్క గాజులు, ఒక పక్క స్టీలు సామాన్లు, ఎదురుగా పచ్చళ్లు. వాటి మధ్య పెరిగినదాన్ని. స్కూల్లో టీచర్ పది లెక్కలు ఇస్తే ఏడు చేస్తానని ఒప్పించిన చరిత్ర నాది. అలాంటి దాన్ని ఒంటి నొప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మెడ వెనక ఎవరో తడి గుడ్డ పిండుతున్నట్టు ఉండేది. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని ఇంట్లో చెప్పారు. బీపీ అంచు మీద ఉందట.

"దేని గురించి టెన్షన్ పడతారు?" అని అడిగారు డాక్టర్ గారు.

"పెద్దవేం లేవు సార్. అన్నీ చిన్నచిన్నవే."

నిజంగా చిన్నవే. గిరాకీ అరగంట గుడ్డలు తీయించుకుని, ఫోన్‌లో ఇంకెవరిదో ధర చూపిస్తుంది. హోల్‌సేల్ వాడు మెరూన్ పంపమంటే ఇటుక రంగు పంపుతాడు. దుకాణం ముందు ఎవరో స్కూటర్ పెట్టి మాయమవుతారు. డాక్టర్ గారు నా మాటకు అడ్డం రాకుండా విన్నారు. "పెద్ద కష్టం వస్తే మనిషి కూర్చుని ఏడుస్తాడు, నలుగురికి చెప్పుకుంటాడు. చిన్నవాటికి ఏడవలేం కదా. అందుకని అవి ఒంట్లోనే ఉండిపోతాయి" అన్నారు.

ఆయనకు నేను ఒక సంగతి చెప్పలేదు. అప్పటికి మూడు వారాల కిందట మా పీకో అక్క దుకాణం వదిలి వెళ్లిపోయింది. నా వల్లే వెళ్లింది.

చీర అంచుకు పీకో చేయడం, ఫాల్ కుట్టడం ఆమె పని. పద్దెనిమిదేళ్లు మా గుమ్మం పక్కనే మిషన్ వేసుకుని కూర్చుంది. కుట్టిన కూలి ఆమెది, జాగా మాది. పీకో కోసం వచ్చిన వాళ్లు జాకెట్ గుడ్డ కొనేవాళ్లు, జాకెట్ గుడ్డకు వచ్చిన వాళ్లు ఫాల్ వేయించుకునేవాళ్లు. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది. ఆ మిషన్ చప్పుడు దుకాణానికి గుండె కొట్టుకున్నట్టు ఉండేదని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు వినబడేదే కాదు. ఆగిపోయిన తర్వాతే వినబడింది.

నాన్న ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండయితే షట్టర్ సగం దించేవాడు. సగం దించిన షట్టర్ కింద నుంచి ఎవరూ వంగి రారు, చిక్కడపల్లిలో అది మర్యాద. నాన్న తర్వాత కూడా నేనూ అక్కా అలాగే చేశాం. లోపల టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. ఆమె గోంగూర, నా పప్పుచారు. తిన్నాక ఆమె లంగా గుడ్డల థాన్ల మీద మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఒరిగేది. నేను గల్లాకు ఆనుకుని కాళ్లు చాపేదాన్ని. షట్టర్ కింద నుంచి రోడ్డు మీద పోయే కాళ్లు మాత్రమే కనబడేవి. ఒక్కోరోజు ఆ కాళ్లను చూసి ఎవరివో పందెం కట్టేవాళ్లం. ఒక్కోరోజు అసలు మాటే ఉండేది కాదు. మళ్లీ షట్టర్ లేపేసరికి పొద్దుటి చికాకు ఎటు పోయిందో పోయేది. దానికి పేరు ఉంటుందని, దాన్ని జనం ఫీజు కట్టి నేర్చుకుంటారని మాకు తెలియదు.

రెండేళ్ల కిందట నేనే దాన్ని ఎత్తేశాను. "ఫోన్ల గుడ్డలు అమ్మేటోడు తిండికి మూస్తడా అక్కా? మనం మూస్తే ఎట్ల?" అన్నాను. అప్పటి నుంచి వంతులవారీగా తిన్నాం. ఆమె గోడ వైపు తిరిగి పది నిమిషాల్లో, నేను గల్లా దగ్గర నిలబడి అయిదు నిమిషాల్లో. నా మెడ నొప్పి కూడా దాదాపు అప్పుడే మొదలైంది. రెండూ కలిపి చూసుకునే తెలివి నాకు లేకపోయింది.

అక్క వెళ్లిపోయే ముందు రోజు ఒకావిడ గంధం రంగు గద్వాల చీర తెచ్చింది. పొద్దున్నుంచి మంచి బోణీ లేదు. నలభై థాన్లు దించాను. ఒకటి దగ్గరగా కలిసింది. బేరం తెగింది, కత్తెర చేతిలోకి తీసుకున్నాను. అక్క మిషన్ ఆపి, ఆ థాను అంచూ చీర కొంగూ పట్టుకుని ఆవిడను బయటికి తీసుకెళ్లింది. మా వ్యాపారంలో ఇది పాత పద్ధతి. ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులూ కలిసినట్టే ఉంటాయి, అందుకని ఎండలో పెట్టి చూడాలి. నాన్న ప్రతి గిరాకీనీ అలాగే మెట్ల మీదికి తీసుకెళ్లేవాడు.

"కలుస్తలేదమ్మా. గిది మామిడిపండు రంగు దిక్కు పోతున్నది. కట్టుకున్నంక మనసుల పీకుతది. సుల్తాన్ బజార్ల చూడు, దొరుకుతది" అంది అక్క.

ఆవిడ థాంక్స్ చెప్పి చీర మడత పెట్టుకుంది. ఇంకా మెట్లు కూడా దిగలేదు, లోపల మరో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. నేను నోరు తెరిచాను.

"నా దుకాణంల కూసోని నా గిరాకీనే ఎల్లగొడుతున్నవా? మిషన్ తొక్కనీకి ఉన్నవ్ నువ్వు, రంగులు చూడనీకి కాదు. కిరాయి లేని జాగా ఇస్తే గిట్లనే ఉంటది."

స్కూటర్ పెట్టిపోయిన వాడినీ, ఇటుక రంగు పంపిన వాడినీ, ఫోన్ చూపించిన వాళ్లనూ అనాల్సిన మాటలన్నీ కలిపి ఆమెకు ఇచ్చాను. వాళ్లను అనలేం. ఒకరు దొరకరు, ఒకరు సరుకు ఆపేస్తారు, ఒకరు మళ్లీ రారు. ఏం అన్నా ఎటూ పోరనుకున్న వాళ్లనే అంటాం.

అక్క నా వైపు చూడలేదు. మిషన్ మీద ఎవరిదో చీర సగం ఫాల్‌తో ఉంది. కూర్చుని చివరిదాకా కుట్టింది. దారం తెంపి, చీర మడిచి, చీటీ పెట్టి, నా గల్లా మీద ఉంచింది. మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో తెచ్చి మిషన్ ఎక్కించుకుంది. అది నిలబడిన చోట గచ్చు మీద నాలుగు కాళ్ల గుర్తులు తెల్లగా ఉన్నాయి.

ఇక నా వైద్యం సంగతి. డాక్టర్ గారి దగ్గరికి వెళ్లకముందే సొంతంగా చాలా ప్రయత్నించాను. గాంధీనగర్‌లో యోగా క్లాసులో చేరాను. ఫీజు సగానికి తెచ్చాను. చవకగా వచ్చింది కదా అని నాలుగు రోజులు వెళ్లి మానేశాను. ఫోన్‌లో ధ్యానం నేర్పే యాప్ ఏడు రోజులు ఫ్రీ అన్నది. కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంటే తేదీ మీద పెట్టాను, ఆరో రోజు ఎంతో ప్రశాంతంగా క్యాన్సిల్ చేశాను. చాయ్ కప్పులు తగ్గించమని ఇంట్లో అంటే పెద్ద కప్పుకు మారాను. దేనిలోనూ పూర్తిగా దిగకుండా, అన్నిట్లో కొంత మిగుల్చుకుంటూ, ఇంకా ఎందుకు తగ్గట్లేదని చికాకు పడేదాన్ని.

ముప్పై నిమిషాల నడక మాత్రం నిలిచింది. కారణం ఆరోగ్యం కాదు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌లోకి వెళ్లి తిరిగి వస్తే సరిగ్గా ముప్పై. అక్క అక్కడ ఒక హాస్టల్ కింద గదిలో మిషన్ పెట్టుకుందని గాజుల దుకాణం అన్న చెప్పాడు. మొదటి వారం ఆ గేటు ముందు నుంచే నడిచాను, లోపలికి చూడకుండా. గవర్నమెంట్ పరీక్షలకు చదివే పిల్లలు మెట్ల మీద, బండ్ల మీద, చాయ్ బంకు దగ్గర పుస్తకాలు పట్టుకుని గొణుక్కుంటూ ఉంటారు. వాళ్ల మధ్య నేనూ పరీక్షకు తయారవుతున్నట్టే ఉండేది. గొణుక్కునేదాన్ని కూడా.

రెండో వారం లోపలికి వెళ్లాను. అక్క ఎవరి పంజాబీ డ్రెస్‌నో కురచ చేస్తోంది. ఒక అమ్మాయి స్టూల్ మీద కూర్చుని నోట్స్ చదువుకుంటూ ఎదురుచూస్తోంది.

"ఎట్లున్నవ్ అక్కా?"

"ఉన్న."

"అయిందేదో అయింది. రేపటి సంది రా."

"ఏమయింది చెల్లె?"

అలా అడుగుతుందని అనుకోలేదు. "గదే, ఆ దినం జర మాట జారింది" అన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటోంది. "నీ దిక్కు కొత్త ఫ్యాన్ పెట్టిస్త" అన్నాను. ఆమె గుడ్డను సూది కిందికి జరిపింది. "గుమ్మం కాడ ఎండ తగులుతది, లోపలికి జరుగు. గల్లా పక్కనే కూసో." ఆమె అంచు మడత సరిచేసింది. "పెండ్లిళ్ల సీజన్‌ల కుట్టుడు అంత నీకే. వేరే ఎవ్వల్లకు ఇయ్య."

అక్క తల ఎత్తింది. "చెల్లె, నువ్వు నాతోని బేరం చేస్తున్నవ్. నేనేం అమ్ముతలేను."

స్టూల్ మీది అమ్మాయి నోట్స్‌తో మొహం కప్పుకుంది.

నాకు కోపం వచ్చింది. అవును, నాకే. వెనక్కి తిరిగి గేటు వైపు మెల్లగా నడిచాను. బేరంలో అది ఆఖరి ఎత్తు. వద్దని నాలుగు అడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తారు. మా దుకాణంలో నేను రోజుకు పదిమందిని అలా వెనక్కి పిలుస్తుంటాను. గేటు దాకా ఎంత మెల్లగా నడిచానంటే, చెప్పు తెగిందా అని వాచ్‌మన్ అడిగాడు. అక్క పిలవలేదు. మిషన్ చప్పుడు మొదలైంది. పద్దెనిమిదేళ్లు నా చెవి పక్కనే ఉన్న చప్పుడు. దాన్ని వీధిలో నిలబడి వినాల్సి వచ్చింది.

తర్వాత రోజు వెళ్లలేదు. దుకాణంలో మధ్యాహ్నం రెండింటికి ఎవరూ లేరు. షట్టర్ సగం దించాను. టిఫిన్ డబ్బా విప్పి కూర్చున్నాను. షట్టర్ కింద కాళ్లు పోతున్నాయి. ఇద్దరు చూస్తే అది ఆట, ఒక్కదాన్నే చూస్తే వట్టి కాళ్లు. తిన్నంత తిని అరగంట ఊరికే కూర్చున్నాను. ఊపిరి దానంతట అదే నెమ్మదించింది. అప్పుడు తెలిసింది, ఆమె అడిగింది చాలా చిన్న ప్రశ్న అని. ఏమయింది చెల్లె. దానికి నేను ఫ్యాన్, జాగా, సీజన్ అన్నీ చెప్పాను గానీ జవాబు చెప్పలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆమె ఒక్కతే ఉంది. స్టూల్ మీద కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు.

"నలుగురి ముందర నిన్ను అనరాని మాట అన్న అక్కా. జాగా నీకు ఊకె ఇచ్చిన అన్న. అది అబద్ధం. రంగు నువ్వు చెప్పిందే నిజం. నాకు వేరే ఎవ్వల మీదనో ఉన్న చికాకంత నీ మీద తీసిన. నిన్ను రమ్మని అడగనీకి రాలే."

చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. చెప్పేటప్పుడు మాత్రం చేతిలో కత్తెర లేని దర్జీలా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క చాలాసేపు గుడ్డ మీది పోగులు దులిపింది. "ఇంటికి పోయి రెండు దినాలు అన్నం తినలే నేను" అంది. తర్వాత, "రాను చెల్లె. ఈడ మంచిగుంది. పిల్లలు అక్కా అక్కా అని వస్తరు. నేను యాల్లకు అన్నం తింటున్న" అంది.

"సరే అక్కా" అన్నాను. అంతకన్నా ఏదైనా అంటే మళ్లీ బేరమే అయ్యేది. ఇంటికి వస్తుంటే కళ్లు మండాయి. మెడ మాత్రం, చాలా రోజుల తర్వాత, తిరిగింది.

ఇప్పుడు ఫాల్, పీకో చీరలు ఆమె దగ్గరికే పంపుతున్నాను. మధ్యాహ్నం షట్టర్ సగం దించుతున్నాను, ఫోన్‌లో అమ్మేవాడు ఏం చేసుకున్నా సరే. డాక్టర్ గారు బీపీ కొంచెం దిగిందన్నారు. చికాకులు తగ్గలేదు, స్కూటర్లు అలాగే పెడుతున్నారు. మెడ బిగుస్తున్నట్టు అనిపిస్తే ఒక గ్లాసు నీళ్లు తాగి, మెట్ల మీద నిలబడి వస్తున్నాను, ఎవరినైనా అనబోయే ముందు. కొన్నిసార్లు అన్నాక.

పాత గిరాకీలు ఇప్పటికీ గుమ్మంలో ఆగి, "పీకో అక్క ఏది?" అని అడుగుతారు. మొదట్లో ఒంట్లో బాగా లేదని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పట్లేదు. "నలుగురి ముందర ఒక మాట అన్న. ఎల్లిపోయింది. తప్పు నాదే. అశోక్‌నగర్ల ఉంటది, పోండి" అని దారి చెబుతున్నాను. కొందరు మొహమాటంగా నవ్వుతారు, కొందరు గుడ్డ వైపు చూస్తారు. అన్నది నలుగురి ముందు కాబట్టి ఇదీ నలుగురి ముందే ఉండాలి.

మొన్న నారాయణగూడ నుంచి వచ్చే ఒకావిడ చీర తీసుకుని నేరుగా అక్క దగ్గరి నుంచి మా దుకాణానికి వచ్చింది. "మీ అక్క ఒక మాట చెప్పుమన్నది" అంది. నేను థాను మడవడం ఆపాను.

"'అందరికి గట్ల చెప్పుకుంట కూసోవద్దను, ఇగ సాలు' అన్నది."

"ఎట్ల అన్నది? కోపంగనా?"

"కోపం లేదనిపించింది."

"నవ్వుకుంట అన్నదా?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "ఏమో అమ్మా. దారం కొరుకుతున్నది అప్పుడు. మొహం కనవడలే."