అమ్మ నాటిన పారాగడ్డి

మొన్న మా ఊరికి వెళుతుంటే, రామచంద్రపురం దాటాక బస్సు కిటికీలోంచి తడిసి మగ్గిన వరిగడ్డి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఒక్కచోట కూర్చోలేను; తుఫాను వెలిసిన మర్నాడు, నల్లబడి ఆవిర్లు కక్కుతున్న గడ్డిమేటు చుట్టూ నాన్న కాలుగాలిన పిల్లిలా తిరగడం కళ్లముందు ఆడుతుంది.

ఆ ఏడు వేసవిలో, సాయంత్రం రేడియోలో రైతుల కార్యక్రమం మొదలయ్యేసరికి, పిడకల దాలిలో ఎర్రగా కాగిన పాల వాసన, కుడితి గోలెం దగ్గర గేదె బుసలు, రేడియో బరబరల మధ్య అమ్మ ఆ పెట్టెకి చెవి ఆనించి వినేది. నీరు నిలిచే పల్లంలో పారాగడ్డి కణుపులు నాటితే ఏడాది పొడుగునా పచ్చిమేత ఉంటుందని ఓ రోజు చెప్పారు. అప్పట్నుంచి అమ్మకి కుదురు లేదు. పశువుల ఆస్పత్రి నుంచి కణుపులు తెప్పించి, కాలవ పక్కన మా మురుగు మడిలో, మోకాలి లోతు బురదలోకి నన్నూ దింపి నాటించింది.

"వరి మళ్లో గడ్డి నాటడవేంటే? ఊరంతా నవ్వుతున్నారు," అన్నాడు నాన్న.

"ఆ మళ్లో వరి ఎప్పుడు పండిందండీ?" అంది అమ్మ.

తుఫానుకి ఊళ్లో మేట్లన్నీ కుళ్లిపోయాయి. మేత లేక పశువులు డొక్కలు ఎండి అరుస్తుంటే, వాటిని కొనే బేరగాళ్లు వీధిలోకి దిగారు. నేను మా గేదె మెడ పట్టుకుని ఏడుస్తుండగానే నాన్న దాని పలుపు విప్పి ఒకడి చేతిలో పెట్టబోయాడు. అంతలో అమ్మ, ఒళ్లంతా బురదతో, నెత్తిన పచ్చగడ్డి మోపుతో వచ్చి ఇద్దరి మధ్యా దాన్ని దబ్బున పడేసింది. గేదె పలుపు గుంజుకుని మోపులో మూతి పెట్టింది. అది నమలడం చాలాసేపు చూసి, "రేపు కోతకి నేనూ వస్తాలే," అన్నాడు నాన్న. ఆ తర్వాత నవ్వినవాళ్లే కణుపుల కోసం మా గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ ఎవర్నీ వట్టిచేతులతో పంపలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. ఆ మళ్లన్నీ రొయ్యల చెరువులయ్యాయి. వీధి మొత్తం మీద ఒక్క పశువుల సావిడి లేదు. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. నేను బస్సు దిగేసరికి, కాలవకి అడ్డంపడి పెరిగిన పారాగడ్డిని పొక్లెయిన్‌తో తోడిస్తున్నారు.

"ఎవరు తెచ్చి నాటారోనండీ ఈ దరిద్రాన్ని, పీకేకొద్దీ వచ్చేస్తుంది," అన్నాడు పొక్లెయిన్ నడిపే కుర్రవాడు.

"మా అమ్మండి," అన్నాను.

అతను ఇంజను ఆపి నా మొహంలోకి చూశాడు.

"దేనికండీ?"