పైగదుల కొలత

“—శివారు ఇంటి పైన వేసిన రెండు గదులూ పన్నులోకి రాకూడదంటే అతన్నే అడగండి మరి, కింద పోర్షన్లోనేగా ఉన్నాడు!”

“మెల్లగా కమలా, వినబడుద్ది.”

“వినబడనీండి. పదకొండేళ్ల నుంచి వాళ్లకి అద్దె పెంచామా? హాస్టల్ వాళ్లు రెట్టింపు ఇస్తామని తిరుగుతుంటే మీరేగా వద్దంది!”

మెట్ల కింద చెప్పులు విడుస్తున్న ముషర్రఫ్ అంతా విన్నాడు. పొద్దుటి నుంచి ఎండలో టేపు పట్టుకుని తిరిగి, మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో నిలబడి వచ్చాడు. ఇంటాయన, ఆయన భార్య తన గురించే పోట్లాడుకుంటున్నారని తెలిసినా, కోపం తెచ్చుకునే ఓపిక లేదు.

శివారులోని ఒక చిన్న మునిసిపాలిటీలో అతను బిల్ కలెక్టరు. ఇంటిపన్ను ఏ లెక్కన వెయ్యాలో ప్రభుత్వం చెబుతుంది. వడ్డీ ఎప్పుడు మాఫీ చెయ్యాలో కూడా అదే చెబుతుంది. ఊరి చేతిలో మిగిలింది కొలత ఒక్కటే. అదైనా ఎవరింటిది వాళ్లు కాగితం మీద రాసిచ్చిందే. అబద్ధమని తేలితే ఇరవై అయిదు రెట్లు జరిమానా అని చట్టంలో ఉంది గానీ, తేల్చడానికి ఆ ఊరికి ఉన్నది ముషర్రఫ్, తోటి ఉద్యోగి దినేశ్, ఒక టేపు. చెత్తబండి వాళ్లకు రెండు నెలలుగా జీతాల్లేవు. “అన్నా, గీ నెల సుత లేనట్టేనా?” అని ఆ పొద్దునే వాళ్లలోని సుకన్య చీపురు పట్టుకుని అడిగింది. అతను తల తిప్పుకున్నాడు. ఇల్లిల్లూ మళ్లీ కొలవమని కొత్త కమిషనరు జాబితా ఇచ్చారు. అందులో పద్నాలుగోది, రేపు కొలవాల్సింది, ఇంటాయన అచ్యుతరావు శివారులో కట్టుకున్న ఇల్లు.

అచ్యుతరావు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. చెడ్డవాడు కాడు. ముషర్రఫ్ భార్య లుబ్నాకు పురిటినొప్పులొచ్చిన రోజు, మోకాలి లోతు వాన నీళ్లలో కారు తోలి ఆస్పత్రికి చేర్చింది ఆయనే. తర్వాతెప్పుడో శివారు ఇంటి పన్ను ఫారం పట్టుకుని ఆయన కిందికి వచ్చాడు. చాయ్ తాగుతూ దాన్ని నింపిపెట్టింది ముషర్రఫ్. ‘అంతస్తులు: ఒకటి’ అని రాసింది అతని చెయ్యే. అప్పటికి పైన గోడలు లేచాయి, స్లాబు పడలేదు. పడ్డాక మారుద్దామనుకున్నారు ఇద్దరూ. ఆరేళ్లయింది.

గదిలో లుబ్నా హాస్టల్ అమ్మాయిల బట్టలు కుడుతోంది. పైమాటలు ఆమెకూ వినబడే ఉంటాయి. ఈ గల్లీ దాటితే తనకు కుట్టుపని ఇచ్చేవాళ్లు ఉండరని నిన్ననే చెప్పింది. ఇవాళ నీళ్ల చెంబు అందించి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడు.

“రండ్రి సార్.”

“ఏంటయ్యా, మరీ వాడిపోయావు?” అన్నాడు అచ్యుతరావు కుర్చీ లాక్కుంటూ. “మీ కమిషనరు గారు నిన్ను ఎండలో ఆరేస్తున్నారా ఏంటి?”

“ఆరేసి, ఇస్త్రీ సుత చేస్తుండ్రు సార్.”

ఇద్దరూ కాస్త నవ్వారు. తర్వాత అచ్యుతరావు గొంతు తగ్గించాడు.

“పైగదులు మొన్ననే వేశామని రాస్తే సరిపోద్దా?”

“పై కరెంటు మీటరుకు ఆరేండ్లు సార్. బిల్లు మీదనే ఉంటది.”

“నాకే చెబుతున్నావా కరెంటు సంగతి! చూసేది నువ్వేగా?”

ముషర్రఫ్ నీళ్ల చెంబు కింద పెట్టాడు.

“నిన్ను బెదిరించడానికి రాలేదయ్యా. ఆ ఇంటి రోడ్డుకి లైట్లు లేవు. అక్కడ అద్దెకున్నాయన నెలనెలా ఫోన్ చేసి నన్ను తిడతాడు. ఏం చూసి పన్ను కట్టమంటావు?”

“లైట్లు ఎందుకు లేవో నాకెరుకే సార్.”

“కమల రేపు హాస్టల్ వాళ్లకి మాటిచ్చేస్తానంటోంది. ఇన్నాళ్లూ నేనే ఆపాను. జరిమానా పడితే ఇంక నేనేం చెప్పి ఆపను?”

మిషను ఆగింది. లుబ్నా దారం తెంపి, కుట్టిన జాకెట్టు మడత పెట్టింది. ముషర్రఫ్ ఆమె చేతుల వంక చూశాడు. సంచిలోంచి టేపు తీసి, మర్చిపోకుండా రేపటి ఫైలు మీద పెట్టాడు.

“గా ఫారం నేను నింపిన సార్. ఆఫీసుల గా మాట సుత చెప్తా. రేపు పదింటికి కొలతకు వస్తం, పైగదుల తాళంచెవి మీ కిరాయిదారుకు ఇచ్చి పెట్టుండ్రి. మాకు జర ఒక నెల టైమియ్యండ్రి, పోర్షన్ ఖాళీ చేస్తం.”