అలసిపోయి రాసిన హద్దులు

అలసిపోతే గాని అసలైన రచన రాదని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. నా ఒక్కడికే కాదు, నెలకోసారి ఖమ్మంలో కలిసే మా రచయితల గుంపు మొత్తానికీ అదే జబ్బు. ఎవరు ఎన్ని గంటలు నిద్ర మానుకుని కథ పూర్తి చేశారో చెప్పుకోవడంతోనే సగం సమావేశం గడిచేది. ఎర్రబడ్డ కళ్లతో వచ్చినవాడికి ముందు వరుసలో కుర్చీ. హాయిగా ఎనిమిది గంటలు పడుకుని వచ్చానని ఒకాయన పొరపాటున అన్నాడు. పాపం, ఆయన కథను ఎవరూ ముట్టుకోలేదు.

నేను పినపాక దగ్గర ఒక బడిలో తెలుగు సారుని. రెండు వేల దశకం చివర్లో పోడు భూములకు పట్టాలిస్తామన్నారు. అడవిలో సాగు చేసుకుంటున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి, అందులో చేనుకు నాలుగు దిక్కులా హద్దులు రాయాలి. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఎవరో చెప్పగా ఒక ఆదివారం అడవి లోపలి గూడేనికి పిలిచారు. రాసింది అందరి ముందూ పైకి చదవాలి, ఎవరూ కాదనకపోతేనే వేలిముద్ర. అది గూడెం వాళ్లు పెట్టుకున్న పద్ధతి.

పొద్దున నా విజృంభణ చూడాలి. మొదటి దరఖాస్తునే "వనమాత ఒడిలో తరతరాలుగా" అని ఎత్తుకున్నాను. హద్దులో ఉన్న వాగుకు "గలగల పారే" అని తగిలించాను. పైకి చదువుతుంటే గూడెం పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు.

"ఆ వాగు ఎండకాలం పారదు సారు. గది కొట్టెయ్యి," అన్నాడు.

మధ్యాహ్నానికి నా విశేషణాలు అయిపోయాయి. ఇరవై దరఖాస్తులు దాటాక ఆలోచన కూడా అయిపోయింది. అలసటలో ముందుగా పోయేది చెవి. చేయి మాత్రం సిగ్గులేకుండా రాస్తూనే ఉంటుంది. పక్క కాగితం చూసి దించుతూ, నా శైలి ఎంత క్లుప్తంగా మారిందో అని మురిసిపోయాను కూడా. నా తెలివి అంతటిది.

మిగతావాళ్లంతా ఇళ్లకు పోయాక, చివరగా ఒకామె వచ్చింది. భర్త పోయాడు, ఆ రెండెకరాల జొన్న చేను తప్ప ఇంకో ఆధారం లేదు. అధికారులు అడిగే దిక్కులు ఆమె చెప్పదు, చెట్లు చెబుతుంది.

"పొద్దు పొడిచే వైపు మా ఆడిబిడ్డ చేను. దానెనక రెండు ఇప్పచెట్లు. కిందికొస్తే బండ..."

నేను తలూపుతూనే, ముందు కాగితంలోని నాలుగు హద్దులూ అలాగే దించేశాను. తూర్పున వాగు అని రాశాను.

"చదువు సారు," అంది.

"అందరివీ ఒకటే కదమ్మా," అన్నాను.

చదువుకున్నవాణ్ని కదా, నమ్మింది. వేలిముద్ర వేసింది.

కొన్ని నెలలకు సర్వే వాళ్లు వచ్చారు. ఆమె తన చేలో బిందెడు నీళ్లు పెట్టుకుని సాయంత్రం దాకా వాళ్ల కోసం నిలబడింది. వాళ్లు నా కాగితం పట్టుకుని వాగు ఒడ్డుకు పోయారు. అక్కడున్నది వేరే ఆయన చేను. అది ఆయన పేరున కొలిచి, ఈమెకు భూమి లేదని రాసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆమె ఆరు మైళ్లు నడిచి నా కిరాయి ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"నా చేను ఆడనే ఉంది సారు. నీ కాయితమే ఇంకేడికో పోయింది," అంది.

ఖమ్మంలో ఏ విమర్శకుడూ నా రాతను అంత తక్కువ మాటల్లో తేల్చలేదు. మళ్లీ అర్జీ పెట్టుకోవడానికి నాలుగు రోజుల గడువుంది. అది కూడా తప్పితే ఆమె చేను కాగితాల్లో లేనట్టే. గబగబా కలం తీశాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"రాత్రి పండుకున్నవా?" అని అడిగింది.

పడుకోలేదు. ఒక పత్రిక పోటీకి కథ పూర్తి చేస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. కథ పేదల కష్టాల మీదే. ఆ కాగితాలు ఆమెకు కనబడకుండా బోర్లించాను.

"జల్దీ ఏం లేదు. పండుకో. లేచినంక రాద్దువు. నేను గీడనే కూసుంట," అంది.

నిజంగానే పడుకున్నాను. లేచేసరికి ఎండ వాలిపోయింది, ఆమె గుమ్మం దగ్గర అలాగే కూర్చుని ఉంది. అప్పుడు ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆడబిడ్డ చేను, రెండు ఇప్పచెట్లు, బండ. మొత్తం ఏడు వాక్యాలు. మూడుసార్లు పైకి చదివించుకుని గాని ఆమె వేలు సిరాలో పెట్టలేదు.

ఏడాది తిరిగాక పట్టా వచ్చింది. నా కథ అంతకు ముందే పోటీ నుంచి తిరిగొచ్చింది. అది కూడా చాలా గొప్పగా, ఒళ్లు హూనం చేసుకుని రాసిందే. ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో ఒకరికి అన్నం పెట్టింది మాత్రం నిద్రపోయి లేచి రాసిన ఆ ఏడు వాక్యాలే.