దుప్పటి చాటు ఇంగ్లీషు

నా పరువు ఒక దుప్పటి వల్ల నిలబడి, ఆ దుప్పటి వల్లే పోయింది. ఎలా పోయిందో తాపీగా చెబుతాను, మీరు మొహమాటపడకుండా నవ్వండి.

డిగ్రీ అవగానే ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చి నంద్యాలలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నాది మగపిల్లల బ్యాచ్. తప్పులతోనే అయినా చెవులు చిల్లులు పడేలా మాట్లాడేవారు. పక్కగదిలో మేడమ్ దగ్గర ఆడపిల్లలూ అంతే. ఆవిడ మానేయడంతో యజమాని రెండు బ్యాచ్‌లూ కలిపి నాకు అప్పగించాడు. ఆ రోజు నుంచి గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడేది.

"కరీమ్, సువర్ణను పేరేంటో ఇంగ్లీషులో అడుగు."

"పేరు తెలుసు కద సార్, మళ్లా అడిగేదేంది?"

"సువర్ణా, నువ్వన్నా మాట్లాడమ్మా."

"తప్పు పోతే ఆ పక్కోళ్లు నగుతారు సార్."

"మేమేడ నగుతాం? మాకే వణుకు పుడతాంటే!" అన్నాడు కరీమ్.

యజమాని తలుపులోంచి తొంగిచూశాడు. "ఏందప్పా, పాఠం చెప్తాండావా, పోయినోళ్లకు మౌనం పాటిస్తాండావా? ఆదివారం పిల్లోళ్ల తల్లులు, నాయన్లు వస్తాండారు. ఆ పొద్దు వీళ్లు నోరు తెరవకుంటే నువ్వు ఆళ్లగడ్డ బస్సెక్కి మళ్లా రావద్దు."

మర్నాడు ఇంటి నుంచి దుప్పటి తెచ్చి గది మధ్యలో కట్టాను. అటు ఆడపిల్లలు, ఇటు మగపిల్లలు. ముఖాలు కనబడకపోయేసరికి కరీమ్, సువర్ణ టిఫినుకు ఉగ్గాని మంచిదా, దోసె మంచిదా అని ఇంగ్లీషులో కొట్టుకున్నారు. నా అంత మేధావి జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం కలిగింది.

ఆదివారం నాయన్లంతా శనగ కోతల్లో ఉండి తల్లులే వచ్చి మగపిల్లల వైపు కూర్చున్నారు. పిల్లలు దుప్పటికి అటూ ఇటూ నిలబడి అదరగొట్టారు. యజమాని పొంగిపోయి, "ఇప్పుడు మా సారు ఇంగ్లీషులో మాట్లాడతాడు" అన్నాడు.

లేచాను. ఎదురుగా అంతా ఆడవాళ్లే. క్లాసులో ఆడపిల్లలంటే శిష్యులు, వీళ్లు పెద్దవాళ్లు. పుట్టి బుద్ధెరిగాక మగపిల్లల బడి, మగపిల్లల కాలేజీ తప్ప ఎరగని నాకు ఇంగ్లీషు మాట ఒక్కటీ రాలేదు. తెలుగు కూడా రాలేదు.

సువర్ణ దుప్పటి అంచు ఎత్తిపట్టి మెల్లగా అంది: "ఈ పక్కకు రాండి సార్."

వెళ్లాను. దుప్పటి వెనక నుంచి అనర్గళంగా ప్రసంగించాను. విషయం: జంకు లేకుండా మాట్లాడటం ఎలా?

"మాట్లాడేది సారేనా, సెల్లులో రికార్డు పెట్టినారా?" అని ఒక తల్లి అడిగింది. పిల్లలు రెండువైపులా ఒక్కటై పడీపడీ నవ్వారు.

ఉద్యోగం పోలేదు. సోమవారం వెళ్లేసరికి గది మధ్యలో దుప్పటి లేదు. కరీమ్, సువర్ణ ఎదురెదురుగా నిలబడి ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. దుప్పటి నా కుర్చీ ముందు కట్టి ఉంది.

"మాకింక అక్కర్లేదు సార్, మీకే కావాల" అన్నాడు కరీమ్.

ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ ఎవరి బిడియానికీ దుప్పటి కప్పను. చలికాలం సంగతి వేరు.